చీలమండ కీలుమార్పిడిలో ప్లాస్టిక్ బేరింగు మన్నిక: ఒక వివరణాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:

అరిగిపోయిన చీలమండ కీలు స్థానంలో అమర్చే కృత్రిమకీలులో రెండు లోహభాగాల నడుమ ఒక ప్లాస్టిక్ పలక ఉంటుంది. కృత్రిమకీలు ఎన్నేళ్లు పనిచేస్తుందన్నది చాలావరకు ఈ పలక మన్నికపైనే ఆధారపడి ఉంటుంది. ఈ పదార్థం స్వభావం, చరిత్ర, అది అరగడానికీ విరగడానికీ గల కారణాలు, 2021లో వెలుగుచూసిన రెండు సంఘటనలు నేర్పిన పాఠాలు, తెలుగునేలపై రోగికి ఈ విషయాన్ని తెలియజెప్పడంలో ఎదురయ్యే భాషాసమస్య ఈ వ్యాసంలో చర్చించబడ్డాయి. మన్నిక కేవలం పదార్థగుణం కాదనీ, పదార్థం, తయారీ, అమరిక, వినియోగం అనే నాలుగింటి సమష్టిఫలితమనీ నిరూపించడం ఈ వ్యాసం ముఖ్యోద్దేశం.

కీలకపదాలు: చీలమండ, కృత్రిమకీలు, పాలిథిలీన్, అరుగుదల, ఆక్సీకరణం, మన్నిక, వైద్యపరిభాష.

1. ఉపోద్ఘాతం:

వరద తీశాక పోలవరం వద్ద గోదావరి ఒడ్డున నిలబడి చూస్తే తుమ్మకంపలకు చిక్కుకున్న ప్లాస్టిక్ సంచులు కనిపిస్తాయి. ఏళ్లు గడిచినా అవి మట్టిలో కలవవు. “ప్లాస్టిక్ నశించదు” అన్న మాట పాఠ్యపుస్తకాల నుంచి పంచాయతీ గోడరాతల దాకా వ్యాపించింది. ఆ సంచుల్లో ఎక్కువభాగం పాలిథిలీన్‌తో చేసినవే. చీలమండ కృత్రిమకీలులో వాడే పలక కూడా పాలిథిలీనే. మట్టిలో నశించని ఈ పదార్థం మనిషి కాలిలో కొందరికి మూడు నాలుగేళ్లకే విరిగిన సందర్భాలు నమోదయ్యాయి. ఈ రెండు విషయాలూ పరస్పరవిరుద్ధంగా తోచినా రెండూ నిజమే.

నశించకపోవడం వేరు, మన్నడం వేరు. ఒక వస్తువు రూపం మారినా, ముక్కలైనా దాని పదార్థం మిగిలే ఉండవచ్చు. దాన్ని నశించనిదంటాం. తనకు అప్పగించిన పనిని, ఇచ్చిన ఆకారంలోనే, ఆశించినంత కాలం చేసేదాన్ని మన్నిక గలదంటాం. సంచి ముక్కలైనా పాలిథిలీన్‌గానే ఉంటుంది. కీలులోని పలక ముక్కలైతే మాత్రం దాని పని ముగిసినట్లే. ఈ భేదమే ప్రస్తుతచర్చకు పునాది.

2. చీలమండ కీలు - స్వరూపం:

కాలిపిక్కలోని అంతర్జంఘిక, బహిర్జంఘిక అనే రెండు ఎముకల కింది కొనలు కలిసి ఒక గూడులా ఏర్పడతాయి. పాదంలోని టాలస్ అనే ఎముక ఆ గూటిలో ఇమిడి ముందుకూ వెనుకకూ కదులుతుంది. సంస్కృతంలో ఈ భాగాన్ని గుల్ఫమంటారు. తెలుగులో చీలమండ, కాలిగిలక అనే పేర్లున్నాయి. నూతిలో చేద తోడే చక్రాన్నీ గిలక అనే అంటాం. టాలస్ పైభాగానికి పాశ్చాత్యశరీరశాస్త్రం పెట్టిన ‘ట్రాక్లియా’ అనే పేరుకు కూడా గిలక అనే అర్థం. రెండు భాషాసంప్రదాయాలూ ఈ కీలును తిరిగే చక్రంతో పోల్చడం గమనార్హం.

మోకాలు, తుంటి సాధారణంగా వయోభారంతో అరుగుతాయి. చీలమండ కీళ్లవాతంలో అధికభాగం మాత్రం పాతగాయాల పర్యవసానం. ఎప్పుడో వాహనప్రమాదంలోనో, చెట్టుపై నుంచి పడినప్పుడో విరిగిన ఎముక సరిగా అతుక్కోకపోతే కీలులోని మృదులాస్థి ఏళ్ల తరబడి అసమానంగా అరుగుతుంది. అందువల్ల చీలమండ చికిత్సకు వచ్చేవారిలో మధ్యవయస్కులు ఎక్కువ. వారికి ఇంకా పనిచేయవలసిన సంవత్సరాలు చాలా ఉంటాయి. కృత్రిమకీలు మన్నికను గురించిన ప్రశ్న ఇక్కడ మరింత తీవ్రం కావడానికి ఇదే కారణం.

3. కృత్రిమకీలు నిర్మాణం:

కృత్రిమ చీలమండలో మూడు భాగాలుంటాయి. పైన అంతర్జంఘికకు అమర్చే లోహపుపలక, కింద టాలస్‌పై తొడిగే లోహపుతొడుగు, ఈ రెంటి మధ్య పాలిథిలీన్ పలక. లోహభాగాలకు టైటానియం, కోబాల్ట్-క్రోమియం మిశ్రమాలను వాడతారు. ప్లాస్టిక్ పలక మందం కొద్ది మిల్లీమీటర్లే ఉంటుంది. బండికి ఇరుసు, చక్రాలతోపాటు కందెన ఎలాగో కీలుకు ఈ పలక అలాంటిది. లోహం లోహాన్ని నేరుగా రాయకుండా కాపాడుతూ తాను అరుగుతుంది.

పలకను అమర్చే తీరును బట్టి వీటిని రెండు రకాలుగా విభజిస్తారు. స్థిరబేరింగు రకంలో పలక పైలోహానికి బిగించి ఉంటుంది. చలనబేరింగు రకంలో అది రెండు లోహాల నడుమ స్వేచ్ఛగా జారుతుంది. చలనబేరింగులో కదలిక రెండు ముఖాల మధ్య పంచుకోబడుతుంది, ఎముకపై పడే మెలికబలం తగ్గుతుంది. అయితే పలక అంచు లోహపు అంచు దాటి బయటికి వచ్చే అవకాశం కూడా అందులోనే ఉంది. అప్పుడు భారమంతా ఒక అంచుమీద పడుతుంది. ఈ పద్ధతిలో ప్రసిద్ధమైన ‘స్టార్’ చీలమండను డెన్మార్క్‌కు చెందిన హోకన్ కోఫోడ్ రూపొందించాడు.

4. పదార్థచరిత్ర - మగ్గం నుంచి కీలుకు:

ఈ ప్లాస్టిక్ వైద్యంలోకి వచ్చిన కథ ఇంగ్లండులోని రైటింగ్టన్ ఆసుపత్రిలో మొదలైంది. అక్కడ జాన్ చార్న్‌లే 1950ల చివర తుంటికీలుకు టెఫ్లాన్ గిన్నెలు వాడాడు. టెఫ్లాన్ నున్నగా జారుతుంది కనుక అది అనువైనదని భావించాడు. కాని అది కొద్ది సంవత్సరాలలోనే దారుణంగా అరిగింది, రాలిన పొడి చుట్టూ ఉన్న కణజాలాన్ని దెబ్బతీసింది. వందలమంది రోగులకు తిరిగి శస్త్రచికిత్స చేయవలసివచ్చింది. ఆ సమయంలో మగ్గాల పళ్లచక్రాలకు వాడుతున్న అధిక అణుభారపు పాలిథిలీన్ నమూనా ఒకటి ఆయన ప్రయోగశాలకు చేరింది. చార్న్‌లే దానిపై ఆసక్తి చూపకపోయినా, సహాయకుడు హ్యారీ క్రేవెన్ దాన్ని పరీక్షాయంత్రంలో పెట్టి నడిపించాడు. టెఫ్లాన్‌తో పోలిస్తే అరుగుదల అత్యల్పమని తేలింది. 1962 నవంబరు నుంచి ఆ పదార్థం రోగుల తుంటిలో చేరింది.

ఈ కథలో రెండు పాఠాలున్నాయి. నున్నగా జారడమూ అరగకపోవడమూ ఒకటి కావన్నది మొదటిది. శరీరంలో పెట్టకముందే యంత్రంపై పరీక్షించాలన్నది రెండవది. ఈనాడు చీలమండ కృత్రిమకీళ్ల అరుగుదలను కొలవడానికి ఐ.ఎస్.ఓ. 22622 అనే ప్రత్యేకప్రమాణం ఉంది. దానిలో నడకను అనుకరించే యంత్రంపై కీలును లక్షలసార్లు కదిలిస్తారు. ఒక కాలికి ఏడాదికి సుమారు పదిలక్షల అడుగులని సాధారణంగా లెక్కవేస్తారు. అంటే పదేళ్లు పనిచేయవలసిన పలక కోటి అడుగులు ఓర్చుకోవాలి.

సంచిలోని పాలిథిలీన్‌కూ దీనికీ భేదం అణుశృంఖల పొడవులో ఉంది. వైద్యరకంలో అణుభారం ఇరవై లక్షల నుంచి అరవై లక్షల వరకు ఉంటుంది. ఇథిలీన్ అణుభారం 28 కనుక, ముప్పైలక్షల అణుభారం గల ఒక్కొక్క శృంఖలలో లక్షకు పైగా ఇథిలీన్ ప్రమాణాలు ఉంటాయి. ఇంత పొడవైన పోగులు ఒకదానితో ఒకటి పెనవేసుకోవడం వల్లనే ఈ పదార్థానికి అరుగుదలను తట్టుకొనే శక్తి కలుగుతుంది. కొబ్బరిపీచు విడిగా తెగుతుంది గాని పేనితే మోకు అవుతుంది. ఇక్కడ జరిగేది కూడా అదే.

5. భారం లెక్క:

నడకలో ఒక దశలో చీలమండపై పడే బలం శరీరభారానికి సుమారు ఐదురెట్లని యాంత్రికశాస్త్రవేత్తలు లెక్కగట్టారు. పిక్కకండరం మడమను పైకి లాగేటప్పుడు ఆ లాగుడంతా కీలుపైనే పడుతుంది కనుక ఇంత బలం ఏర్పడుతుంది. మరోవైపు భారం మోసే వైశాల్యం చిన్నది. సహజమైన చీలమండలో ఆ స్పర్శవైశాల్యం సుమారు 350 చదరపు మిల్లీమీటర్లు. మోకాలిలో, తుంటిలో ఇది దాదాపు మూడురెట్లు.

60 కిలోల మనిషిని తీసుకుంటే, అడుగడుగునా 300 కిలోల భారం, అంటే దాదాపు 2,940 న్యూటన్ల బలం చీలమండపై పడుతుంది. కృత్రిమకీలులో కూడా అంతే వైశాల్యంపై ఆ బలం సమంగా పరుచుకొంటుందని అనుకుంటే పీడనం 8.4 మెగాపాస్కల్‌లు. వైద్యపాలిథిలీన్ శాశ్వతంగా రూపు మారడం మొదలయ్యే పీడనం సుమారు 20 మెగాపాస్కల్‌లు. కనుక సమంగా కూర్చున్న పలకకు ప్రమాదం లేదు. కీలు వాలుగా అమరి, భారం నాలుగోవంతు వైశాల్యంమీదే పడితే పీడనం 33 మెగాపాస్కల్‌లు దాటుతుంది. పదార్థం అదే, మనిషి అదే. కొద్దిపాటి వాలు ఒక్కటే పలకను సురక్షితస్థితి నుంచి ప్రమాదస్థితికి తెచ్చింది. శస్త్రచికిత్సలో ఎముక కోతకూ, కాలి వంకరను ముందుగా సరిదిద్దడానికీ వైద్యులు ఎందుకంత ప్రాధాన్యమిస్తారో ఈ లెక్క తెలియజేస్తుంది.

దీన్ని పోలవరం స్పిల్‌వే గేట్లతో పోల్చి చూడవచ్చు. అక్కడ 16 మీటర్ల వెడల్పు, 20 మీటర్ల ఎత్తు గల రేడియల్ గేట్లు 48 ఉన్నాయి. గేటు పూర్తి ఎత్తువరకు నీరు నిలిస్తే దానిపై పడే అడ్డతోపు సుమారు 3,200 టన్నులు. ఆ తోపంతా ఇరువైపుల చేతుల ద్వారా గేటు తిరిగే రెండు కీళ్లకు చేరుతుంది. విశాలమైన తలంపై పడిన భారం చిన్నచోట కేంద్రీకృతం కావడం గేటుకూ చీలమండకూ సమానమే. గేటు కీలును ఇంజనీరు తనిఖీ చేసి కందెన వేయగలడు. చీలమండలోని పలకను చర్మం విప్పకుండా చూడలేము. సాధారణ ఎక్స్‌రేలో ప్లాస్టిక్ నేరుగా కనబడదు కనుక, లోహాల మధ్య ఖాళీని బట్టి దాని స్థితిని ఊహించవలసి ఉంటుంది.

6. వైఫల్యమార్గాలు:

పలక చెడిపోయే తీరులను మూడుగా విభజించవచ్చు.

6.1 అరుగుదల: అడుగడుగునా లోహం రాయడంవల్ల ప్లాస్టిక్ నుంచి సూక్ష్మకణాలు రాలతాయి. వీటిలో ఎక్కువభాగం మైక్రాన్ కంటె చిన్నవి. శరీరంలోని భక్షకకణాలు వీటిని శత్రువులుగా భావించి మింగుతాయి గాని జీర్ణించుకోలేవు. ఆ పోరాటంలో వెలువడే రసాయనసంకేతాలు ఎముకను కరిగించే కణాలను ప్రేరేపిస్తాయి. ఫలితంగా లోహభాగం చుట్టూ ఎముక కరిగి బొరియలు ఏర్పడతాయి, కీలు వదులవుతుంది. ఇక్కడ హాని చేసేది పలక పలుచబడడం కంటె రాలిన పొడి. మట్టిలో కూడా నశించని గుణమే శరీరంలో శాపంగా మారుతున్నది.

6.2 ఆక్సీకరణం: కృత్రిమకీలును సూక్ష్మజీవిరహితం చేయడానికి 25 నుంచి 40 కిలోగ్రే గామాకిరణాలను ప్రసరింపజేయడం చిరకాలపద్ధతి. ఈ కిరణాలు అణుశృంఖలలను అక్కడక్కడ తెంచి స్వేచ్ఛారాడికల్‌లను మిగులుస్తాయి. వాటికి ఆమ్లజని తగిలితే శృంఖలలు మరింత తెగి పదార్థం పెళుసుబారుతుంది. పలక అలమారలో ఉన్నంతకాలమూ ఈ చర్య సాగుతుంది, శరీరంలో కూడా ఆగదు. గాలిలో ఉంచి కిరణప్రసారం చేసిన పలకలు నిల్వకాలంలోనే పెళుసుబారుతున్నాయని 1990లలో గుర్తించాక, ఆమ్లజని లేని పొట్లాల వాడకం పెరిగింది.

6.3 అలసట: ఒక్కసారి పడే భారానికి విరగని పలక లక్షలసార్లు పడే భారానికి లోలోపల బీటలిచ్చి చివరకు విరుగుతుంది. తీగను అటూఇటూ వంచితే తెగినట్లే ఇది. పలుచని పలకలో, అంచుభారం ఉన్నచోట, ఆక్సీకరణతో పెళుసుబారినచోట ఈ బీటలు త్వరగా పుడతాయి. ఈ మూడుమార్గాలూ పరస్పరం బలపరచుకొంటాయి.

7. రెండు సంఘటనలు - పాఠాలు:

2021 మార్చిలో అమెరికా ఆహార ఔషధ పర్యవేక్షణసంస్థ స్టార్ చీలమండ విషయమై వైద్యులకూ రోగులకూ హెచ్చరిక జారీచేసింది. అందులోని ప్లాస్టిక్ భాగం ఊహించినదానికంటె ఎక్కువగా విరుగుతున్నదనీ, అమర్చిన మూడు నాలుగేళ్లకే విరిగిన సందర్భాలున్నాయనీ పేర్కొంది. 55 ఏళ్లలోపు, చురుకుగా తిరిగే కీళ్లవాతరోగులకు ప్రమాదం అధికమని సూచించింది. ఆ దేశంలో ఈ కీలుకు 2009లోనే అనుమతి లభించింది. అంటే అనుమతి పొందిన పుష్కరకాలానికి ఈ హెచ్చరిక వెలువడింది. ఆమోదం లభించడంతో పరీక్ష ముగియదనీ, అసలు పరీక్ష రోగుల కాళ్లలో సాగుతుందనీ దీనివల్ల గ్రహించవచ్చు.

అదే ఏడాది ఆగస్టులో ఎక్సాక్‌టెక్ అనే అమెరికన్ సంస్థ తన మోకాలు, చీలమండ పాలిథిలీన్ పలకలను వెనక్కి తీసుకోవడం మొదలుపెట్టి, 2022 ఫిబ్రవరిలో దాన్ని విస్తరించింది. దీనికి కారణం పలకను చుట్టిన పొట్లం. ఆమ్లజనిని అడ్డుకోవలసిన ఇథిలీన్ వినైల్ ఆల్కహాల్ పొర, 2004 నుంచి తయారైన పొట్లాల్లో అధికభాగానికి లేదని తేలింది. ఒక పలుచని పొర లోపించడంవల్ల శరీరంలో ఏళ్ల తరువాత కీలు చెడే పరిస్థితి ఏర్పడింది. మన్నిక శస్త్రచికిత్సగదిలో మొదలుకాదనీ, కర్మాగారంలో పొట్లం కట్టేచోట మొదలవుతుందనీ ఈ ఉదంతం స్పష్టం చేస్తున్నది.

8. నివారణోపాయాలు - వాటి పరిమితులు:

50 నుంచి 100 కిలోగ్రేల అధికమోతాదు కిరణాలతో శృంఖలల మధ్య అడ్డుబంధాలు కల్పిస్తే అరుగుదల గణనీయంగా తగ్గుతుంది. తరువాత కరిగించి స్వేచ్ఛారాడికల్‌లను తొలగిస్తారు. తుంటికీళ్లలో ఈ పద్ధతి గొప్ప ఫలితాలనిచ్చింది. కాని అడ్డుబంధాలు పెరిగేకొద్దీ బీటలను తట్టుకొనే శక్తి తగ్గుతుంది. తుంటిలో గిన్నె ఆకారం భారాన్ని పంచుతుంది కనుక అక్కడ ఈ లోపం అంతగా బాధించదు. పలుచని పలక, చిన్నవైశాల్యం, అంచుభారం గల చీలమండలో ఆలోచించి అడుగువేయాలి. అరుగుదలను తగ్గించబోయి విరుగుదలను పెంచుకోవడం తగదు.

మరొక మార్గం విటమిన్-ఇ కలపడం. ఇది స్వేచ్ఛారాడికల్‌లను అణచి ఆక్సీకరణాన్ని నిరోధిస్తుంది, కరిగించవలసిన అవసరాన్ని తప్పిస్తుంది. నూనెలు మక్కిపోకుండా కాపాడే గుణమే ఇక్కడా ఉపకరిస్తున్నది. అయితే వాలుగా అమరిన కీలును ఏ రసాయనమూ సరిచేయలేదు.

9. తెలుగునేల సందర్భం:

పదార్థవిజ్ఞానం అస్థివైద్యానికి తోడ్పడిన ఘట్టం తెలుగువారికి కొత్తకాదు. హైదరాబాదులో క్షిపణుల కోసం రూపొందించిన తేలికైన మిశ్రమపదార్థాన్ని ఏ.పి.జె. అబ్దుల్ కలాం బృందం నిజామ్స్ వైద్యవిజ్ఞానసంస్థ వైద్యులతో కలిసి పోలియో పిల్లల కాలిపట్టీలకు మలిచింది. మూడు కిలోలకు పైగా ఉన్న పట్టీ సుమారు 300 గ్రాములకు తగ్గింది. అది శరీరం వెలుపల ధరించేది కనుక పాడైతే మార్చుకోవచ్చు. శరీరంలో పెట్టే పలకకు ఆ సౌలభ్యం లేదు. విశాఖపట్నంలోని ఆంధ్రప్రదేశ్ మెడ్‌టెక్ జోన్ వంటి సంస్థల్లో వైద్యపరికరాల తయారీ, పరీక్ష జరుగుతున్న ఈ కాలంలో పలకతో పాటు పొట్లాన్నీ పరీక్షించాలన్న పాఠం మనకూ వర్తిస్తుంది.

దేశంలో వైద్యపరికరాల నియమావళి 2018 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చింది. పరికరాలవల్ల కలిగే హానిని నమోదుచేసే మెటీరియోవిజిలెన్స్ కార్యక్రమం 2015లో ప్రారంభమైంది. 2017 ఆగస్టులో కేంద్రం కృత్రిమకీళ్ల గరిష్ఠధరలను నిర్ణయించినా ఆ ఉత్తర్వు మోకాలికే పరిమితమైంది.

వినియోగం విషయంలో మన జీవనవిధానం ప్రత్యేకం. గోదావరి మండలంలో వరినాట్లు, కలుపుతీత, గట్లపై నడక, గొంతుకూర్చుని చేసే ఇంటిపని నిత్యకృత్యాలు. గొంతుకూర్చోవడానికి చీలమండ బాగా ముందుకు వంగాలి. కృత్రిమకీలు సాధారణంగా అంత వంపునివ్వదు. బలవంతాన వంచితే భారం పలక ముందంచుపై పడుతుంది. కృత్రిమకీలుకు ప్రత్యామ్నాయం ఎముకలను అతికించి కీలును బిగించడం. అందులో కదలిక పోతుంది గాని అరిగే పలక ఉండదు. అయితే ఏళ్లు గడిచేకొద్దీ పక్కకీళ్లపై భారం పెరుగుతుంది. బ్రిటన్‌లో 50 నుంచి 85 ఏళ్ల వయసు గల 303 మందిపై జరిపి, 2022లో ప్రకటించిన ‘తార్వా’ పరిశోధనలో ఏడాది తరువాత రెండు చికిత్సలూ ఉపశమనమిచ్చాయి. రెంటిమధ్య నిర్ణాయకమైన తేడా కనబడలేదు. కనుక ఎంపిక రోగి వయసు, వృత్తి, ఆశలను బట్టి జరగాలి. అలా జరగాలంటే రోగికి విషయం అర్థం కావాలి.

10. పరిభాష - అవగాహన:

ఇక్కడే తెలుగు అధ్యయనానికి పాత్ర ఉంది. మృదులాస్థి పోవడాన్ని మన ఊళ్లలో “గుజ్జు అరిగిపోయింది” అంటారు. అరుగుదల అన్నమాట రోగి మనసులో పాతకీలుకే అంటుకొని ఉంటుంది. కొత్తకీలు కూడా అరుగుతుందన్న ఊహ అతనికి రాదు. “లోహం వేశారు, ఇక భయంలేదు” అనుకొంటాడు, లోపల ప్లాస్టిక్ ఉందన్న సంగతే తెలియదు. ఎముక కరగడాన్ని ‘ఎముకక్షయం’ అని అనువదిస్తే రోగి దాన్ని క్షయవ్యాధిగా భ్రమపడతాడు. ‘ఎముక కరగడం’ అన్న తేటతెలుగు మాటే ఇక్కడ సురక్షితం. పలక, కీలు, అరుగుదల, పెళుసు, బీట, అలసట, కీలుబిగింపు వంటి వాడుకమాటలు ఈ శాస్త్రవిషయాన్ని మోయగలవు. పాలిథిలీన్, ఎక్స్‌రే, ఇంప్లాంటు వంటివి యథాతథంగా నిలవగలవు. సంతకం పెట్టే అంగీకారపత్రం రోగి చదవగల తెలుగులో లేనప్పుడు ఆ అంగీకారానికి విలువ తక్కువ.

ఆ పత్రంలో కనీసం ఐదు ప్రశ్నలకు సమాధానముండాలి. అమర్చే పలక ఏరకం పదార్థం? దాని మందమెంత? అది తయారైన తేదీ, గడువుతేదీ ఏవి? ఎన్నాళ్లకొకసారి పరీక్షకు రావాలి? పలక చెడితే దాన్నొక్కదాన్నే మార్చవచ్చా, ఆ ఖర్చు ఎవరిది? పొట్లంపై ఉండే సంఖ్యలచీటీని రోగి భద్రపరచుకోవాలి. ఏ సంస్థ అయినా పలకలను వెనక్కి తీసుకొన్నప్పుడు తన కాలిలో ఉన్నది అదో కాదో తెలుసుకోవడానికి ఆ చీటీ రోగికి ఆధారమవుతుంది.

11. ముగింపు:

పై చర్చవల్ల తేలిన అంశాలు:

1. నశించకపోవడం, మన్నడం భిన్నగుణాలు. పాలిథిలీన్‌కు మొదటిది సహజం, రెండవది సాధించుకోవలసినది.
2. చీలమండలో చిన్నవైశాల్యంపై పెద్దభారం పడుతుంది. అందువల్ల తుంటిలో విజయవంతమైన పదార్థం ఇక్కడా అదే ఫలితమిస్తుందని భావించరాదు.
3. అరుగుదల, ఆక్సీకరణం, అలసట పరస్పరం బలపరచుకొంటాయి. ఒకదాన్ని తగ్గించే ఉపాయం మరొకదాన్ని పెంచవచ్చు.
4. పదార్థం, తయారీ, అమరిక, వినియోగం అనే నాలుగింటిలో ఏది లోపించినా మన్నిక లోపిస్తుంది.
5. వినియోగం రోగి చేతిలో ఉంది కనుక అతనికి అతని భాషలో తెలియజెప్పడం చికిత్సలో భాగమే.

చీలమండ కీలుమార్పిడి చేయించుకొన్నవారిలో సుమారు 80 నుంచి 90 శాతం మందికి పదేళ్ల తరువాత కూడా ఆ కీలు నిలిచి ఉంటున్నదని వివిధ అధ్యయనాల సారాంశం. ఇది నిరాశపడవలసిన ఫలితం కాదు. మిగిలినవారికి మాత్రం ఆ వైఫల్యం ముందుగా తెలిసినదై ఉండాలి. వైద్యపరికరాల సమాచారపత్రాలను, అంగీకారపత్రాలను పరిశీలించి ప్రమాణీకరించే దిశగా తెలుగుశాఖలు, వైద్యకళాశాలలు కలిసి పరిశోధన చేపట్టవలసిన అవసరం ఎంతైనా ఉంది.